స్టిక్కర్ ఉన్న చోట

శనివారం ఉదయం ఏడుంబావుకి ప్రాక్టీసు నెట్స్‌లో పెయింటర్ కూతురి హెల్మెట్ పగిలింది. బంతి ఎడమ చెవికి పైన తగిలింది. పెంకు రెండు ముక్కలయింది. ఒక ముక్క అంచు గీరుకుని కనుబొమ్మ చివర తెగింది. క్లినిక్‌లో మూడు కుట్లు వేశారు.

బంతి వేసింది జట్టులో అందరూ ‘స్పీడు’ అని పిలిచే అమ్మాయి. ఆ జట్టులో అందరికంటే మెల్లగా వేసేది ఆమే, అందుకే ఆ పేరు. ఆ ఉదయం కూడా మెల్లగానే వేసింది.

పెయింటర్ అప్పుడు బజారులో నిచ్చెన మీద ఉన్నాడు. మందుల షాపు బోర్డుకి రెండో కోటు వేస్తున్నాడు. ఫోన్ రాగానే బ్రష్షు డబ్బాలో వదిలేసి దిగాడు. “సగంలో పోతే ఎలాగయ్యా?” అని షాపతను వెనక నుంచి అరుస్తున్నా ఆగలేదు.

క్లినిక్‌లో కూతురు బల్ల మీద కూర్చుని ఉంది. కట్టు కట్టేశారు. పక్కన స్పీడు వెక్కివెక్కి ఏడుస్తోంది.

“కుట్లు పడింది నాకైతే నువ్వెందుకే ఏడుస్తావు?” అంటోంది కూతురు.

“నా బంతికి ఎవరికైనా దెబ్బ తగలడం ఇదే మొదటిసారే!”

“అదీ నిజమే. అయితే సంతోషించు.”

పెయింటర్‌కి నవ్వు రాలేదు. కుర్చీ మీద ఉన్న హెల్మెట్ ముక్కలు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పగిలిన గీత చుట్టూ వెంట్రుకల్లాంటి బీటలు ఉన్నాయి. అవి పెంకంతటా లేవు. ఒక్క చోటే, టీ కప్పు మూతి అంత మేర, గుండ్రంగా ఉన్నాయి. ఆ చోట బొటనవేలితో నొక్కాడు. గోరంత ముక్క ఊడి చేతిలోకి వచ్చింది.

అక్కడ నెల కిందటి దాకా కూతురు ఆడిన పాత అకాడమీ స్టిక్కర్ ఉండేది. గుండ్రటి స్టిక్కర్. దాన్ని తీసింది తనే. గుడ్డకి థిన్నర్ అద్ది, జిగురు పోయేదాకా రుద్ది తీశాడు.

“అమ్మా స్పీడూ, నీ హెల్మెట్ ఒకసారి ఇవ్వు,” అన్నాడు.

స్పీడు హెల్మెట్ అదే కంపెనీది, అదే రకం. తిరగేసి చూశాడు. లోపల మెత్త పక్కన తెల్ల స్టిక్కర్, దాని మీద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు.

“ఏముంది దీంట్లో? చదువు.”

కూతురు మెడ వంచకుండా కళ్ళ దగ్గరికి పెట్టుకుని చదివి చెప్పింది. “సబ్బునీళ్ళతో మాత్రమే తుడవాలంట. థిన్నర్, పెట్రోల్ తగలనివ్వకూడదంట. తగిలితే పెంకు బలం పోతుందంట, పైకి కనపడదంట.” ఆగింది. “నా దాంట్లో ఈ స్టిక్కర్ లేదేంటి నాన్నా?”

పెయింటర్ తన గోళ్ళకేసి చూసుకున్నాడు. లోపలి స్టిక్కర్లు కూడా తనే గోటితో పీకేశాడు. పని శుభ్రంగా ఉండాలని.

“నాన్నా,” అంది కూతురు. “పెట్టెలో వేసినవాటికి కూడా థిన్నరేనా?”

పెట్టె అంటే కంటైనరు. అది గురువారమే వెళ్ళిపోయింది.

ఆటసామాన్లు పోగుచేసి పై దేశంలో పేద పిల్లల బడికి పంపాలన్నది పెయింటర్ బామ్మర్ది ఆలోచన. బామ్మర్దికి ఫర్నిచర్ వ్యాపారం ఉంది, గోడౌన్ ఉంది, మాట కలిపితే ఎవరైనా కాదనలేని నోరు ఉంది. ఊళ్ళో క్లబ్బులన్నీ తిరిగి బూట్లు, బ్యాట్లు, ప్యాడ్లు, హెల్మెట్లు తెచ్చాడు. బూట్లు పెయింటర్ భార్య చూసింది. తన కూతురి కాలికి తొడగనని అనుకున్న జతని పక్కన పడేసేది. మిగిలినవాటి లేసులు రెండూ కలిపి ముడేసేది, దారిలో జత విడిపోకూడదని.

గోడౌన్‌లో ఒక నియమం పెట్టుకున్నారు. ఏ వస్తువు మీదా పాత పేరు ఉండకూడదు. “ఇంకొకళ్ళ పేరు నెత్తిన పెట్టుకుని ఆడే ఖర్మ ఆ పిల్లలకేం పట్టింది?” అంది భార్య. అందరికీ ఆ మాట నచ్చింది. పేర్లు చెరిపే పని పెయింటర్‌కి వచ్చింది.

రాయడానికి బ్రష్షు, చెరపడానికి థిన్నరు. అతని చేతికి చిన్నప్పటి నుంచీ తెలిసింది అదే. ముందు కూతురి హెల్మెట్ మీద ఒక స్టిక్కర్ తీసి చూశాడు. అద్దంలా వచ్చింది. అంతే, గోడౌన్‌లో ఉన్న యాభై రెండు హెల్మెట్లూ ముందేసుకున్నాడు. స్టిక్కర్లు తీశాక మచ్చలు కనపడకుండా అన్నిటికీ ఒకే నీలం రంగు కొట్టాడు. దాతల మీటింగులో వాటిని బల్ల మీద పేర్చితే కొత్తవి కొన్నారనుకున్నారు. “మా బావ చేతిలో పడితే ముసలాడు కూడా పెళ్ళికొడుకే,” అని బామ్మర్ది మైకులో చెప్పాడు. ఆ రోజు పెయింటర్ ఆ మాట ఇంటికొచ్చి భార్యకి రెండుసార్లు చెప్పాడు.

కూతుర్ని ఇంట్లో దింపి నేరుగా గోడౌన్‌కి వెళ్ళాడు. బామ్మర్ది సోఫాల మధ్య నిలబడి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఫోన్ పెట్టేదాకా పెయింటర్ గుమ్మానికీ బీరువాకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

“కూర్చో బావా, చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి. పిల్లకెలా ఉంది? అక్క చెప్పింది. సాయంత్రం వస్తా.”

పెయింటర్ ముక్కలు బల్ల మీద పెట్టాడు. బీటలు చూపించాడు. స్టిక్కర్లో ఉన్నది చెప్పాడు. బామ్మర్ది విన్నాడు. ముక్క ఎత్తి చూశాడు. కింద పెట్టాడు.

“అది ఎన్నేళ్ళ నాటి హెల్మెట్టు?”

“రెండేళ్ళు.”

“రెండేళ్ళు రోజూ బంతులు తిన్నాక ఏదో ఒక రోజు పగలదా? కంపెనీవాడు అన్నీ రాస్తాడు బావా. మంచం కొంటే దాని మీద ఎగరొద్దని కూడా రాస్తాడు. నేనే అమ్ముతాను కదా, నాకు తెలీదా?”

గోడౌన్ మూలన ఒక నీలం హెల్మెట్ మిగిలి ఉంది. దాని మొహం ముందరి ఇనుప గ్రిల్లు వంగిందని పెట్టెలో వెయ్యలేదు. బామ్మర్ది దాన్ని తీసుకుని మేడమెట్ల పైకెక్కి కిందికి వదిలాడు. సిమెంటు నేల మీద రెండుసార్లు ఎగిరి, దొర్లి పెయింటర్ కాళ్ళ దగ్గర ఆగింది. పగల్లేదు.

“చూశావా?” అంటూ దిగొచ్చాడు.

పెయింటర్ దాన్ని తిప్పితిప్పి చూశాడు. రంగు లేచిపోయింది, బీట మాత్రం ఎక్కడా లేదు. నమ్మాలనే అనిపించింది. అంతలో ‘పైకి కనపడదంట’ అని కూతురు చదివిన మాట మళ్ళీ వినిపించింది.

“దీని మీద స్టిక్కర్ ఎక్కడుండేదో నాకు గుర్తు లేదురా. అది పడ్డ వైపు ఉండేదో లేదో తెలీదు.”

“అబ్బబ్బ! నీ అనుమానం పాడుగాను.” బామ్మర్ది హెల్మెట్ లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. పట్టీ అందక గడ్డం కింద వేలాడింది. “ఇదిగో, నుంచున్నా. కొట్టు.”

పక్కన వైరు బుట్టలో బంతులున్నాయి. పెయింటర్ ఒకటి తీసుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. చెయ్యి ఎత్తాడు.

బామ్మర్ది ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

పెయింటర్ బంతిని బుట్టలో పడేశాడు.

“షిప్పింగ్ ఆఫీసుకి ఫోన్ చేస్తానుండు,” అన్నాడు బామ్మర్ది.

గుమాస్తా గొంతు స్పీకర్లో వచ్చింది. కంటైనరు నిన్ననే ఓడెక్కిందని, ఓడ కదిలిందని చెప్పాడు. ఆపడానికి వీలుందా అని అడిగితే నవ్వాడు. “చెయ్యెత్తితే ఆగడానికి అది బస్సు కాదు కదండీ.” మూడు వారాలు పడుతుందని చెప్పి పెట్టేశాడు.

“మూడు వారాలుంది కదా,” అన్నాడు బామ్మర్ది. “సోమవారం ఆ బడి పెద్దాయనతో నేను మాట్లాడతాను. కంగారుగా చెప్తే మొత్తం పెట్టె వద్దంటారు బావా. ఇంతకుముందు ఎవరో పనికిరాని చెత్తంతా పంపారట వాళ్ళకి. మనం కూడా ఆ బాపతే అనుకుంటే బూట్లు కూడా దింపుకోరు. రెండొందల జతలు. అక్క ఒక్కొక్కటీ ముడేసింది. అదీ ఆలోచించు.”

పెయింటర్ ఆలోచించాడు. సరేనన్నాడు.

సోమవారం అయింది. మంగళవారం పెయింటర్ ఫోన్ చేస్తే బామ్మర్ది సరుకు దింపుకుంటున్నాడు. గురువారం చేస్తే దారిలో ఉన్నాడు. తర్వాతి వారం ఇంటికే వెళ్ళి అడిగితే నీళ్ళు నమిలాడు. “చెప్తాను బావా. మాట ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నా.”

పెయింటర్‌కి పనిలో చెయ్యి నిలవడం లేదు. మందుల షాపు బోర్డులో పచ్చరంగు రావాల్సిన చోట నీలం కొట్టాడు. థిన్నర్ పెట్టి తుడవబోయి, డబ్బా మూత తీసి, వాసన తగలగానే మళ్ళీ మూసేశాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చునేవాడు, లేచేవాడు, వరండాలోకి వెళ్ళి వచ్చేవాడు.

“కాలు కాలిన పిల్లిలా ఏంటండీ అది?” అంది భార్య. “తినండి, లేకపోతే తిరగండి. రెండూ కలిపి చెయ్యకండి.”

“నీ తమ్ముడు ఇంకా చెప్పలేదు.”

“వాడు చెప్పడు. చిన్నప్పుడు కుండ పగలగొట్టి, అమ్మ దాహం వేసి లేచేదాకా చెప్పలేదు. మీరు చెప్పండి.”

“నాకు వాళ్ళ నంబరెక్కడిది? ఉన్నా నాకు ఇంగ్లీషెక్కడిది?”

అడిగిన వెంటనే మొదటి ప్రశ్నకి జవాబు తట్టింది. అట్టపెట్టెల మీద చిరునామా రాసింది తనే. అన్నిటి మీదా చేత్తో రాయలేక రేకు మీద అక్షరాలు కత్తిరించి, ఆ కంతల్లోంచి రంగు అద్దాడు. చిరునామా కింద అక్కడి కోచ్ ఫోన్ నంబరు కూడా ఉంది. ఆ రేకు ఇంకా షెడ్డులోనే ఉంది.

గోడకి కాయితం అంటించి, రేకు పెట్టి రంగు అద్దాడు. నంబరు వచ్చింది. కాయితం ఆరకముందే కూతురి గదికి తీసుకెళ్ళాడు.

“ఇంగ్లీషులో చెప్పు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. నాన్న తప్పు చేశాడని చెప్పు.”

“మావయ్యకి తెలుసా?”

“తెలియాలా?”

కూతురు ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి ఫోన్ అందుకుంది. గొంతు రికార్డు చేసి పంపింది. హెల్మెట్లు పిల్లలకి ఇవ్వొద్దని, ఎందుకివ్వకూడదో, బూట్లకీ ప్యాడ్లకీ బ్యాట్లకీ ఏమీ కాలేదని చెప్పింది.

ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. పెయింటర్ పనిలోంచి గంటకోసారి ఫోన్ చేసి “చూశారా?” అని అడిగేవాడు. “వస్తే నేనే చెప్తాను నాన్నా, క్లాసులో ఉన్నా,” అని కూతురు గుసగుసగా కసిరేది. ఓడ చేరాల్సిన వారం వచ్చింది. కుట్లు విప్పేశారు. కూతురు కొత్త హెల్మెట్ కొనుక్కుంది. తండ్రి చేత్తో పట్టుకోబోతే “తాకకు” అంది. నవ్వుతూనే అంది.

జవాబు ఆదివారం వచ్చింది. కోచ్ ఒక ఆవిడ. ఇన్నాళ్ళూ కొందరు పిల్లల్ని తీసుకుని వేరే ఊరు వెళ్ళానని, అక్కడ సిగ్నల్ లేదని చెప్పింది. పెట్టెలు శుక్రవారమే చేరాయి. ఈ మెసేజ్ వినకముందే విప్పేశారు. కూతురు ఒక్కో వాక్యం విని తెలుగులో చెప్పింది.

“హెల్మెట్లని చూసి పిల్లలు జట్టుకి ‘నీలం తలలు’ అని పేరు పెట్టుకున్నారంట. వచ్చే శనివారం మొదటి మ్యాచ్ అంట. వాళ్ళ దగ్గర ఇంకో హెల్మెట్ ఒక్కటి కూడా లేదంట.” కూతురు గొంతు తగ్గింది. “బీటలు లేనివి ఏరుకుని వాడుకోవచ్చా అని అడుగుతోంది. అన్నీ పాడయ్యాయా, కొన్నేనా అని.”

పెయింటర్ గోడకి ఆనుకున్నాడు. కొన్నిటికి పైన అసలు స్టిక్కర్లే లేవు. వాటికి థిన్నర్ తగల్లేదు. కానీ రంగు అన్నిటికీ కొట్టాడు. ఏది ఏదో ఇప్పుడు తనే చెప్పలేడు.

“అన్నీ అని చెప్పు.”

“అన్నీ కాదు కదా?”

“మంచివేవో నాకు తెలీదు. తెలీకుండా నేనే చేశాను. అన్నీ అని చెప్పు. పగలగొట్టమని చెప్పు. దాచిపెడితే ఎవరో ఒకరు తీస్తారు.”

కూతురు చెప్పింది. ఆ తర్వాత అతను అడగకుండానే అద్దం ముందు నిలబడి కనుబొమ్మ మీది మచ్చ ఫోటో తీసింది, పగిలిన ముక్కల ఫోటో తీసింది, రెండూ పంపింది. “మీ పిల్లలకి ఇవి చూపించండి. మా జట్టులో అందరికంటే మెల్లగా వేసే అమ్మాయి బంతికి ఇలా అయిందని చెప్పండి,” అని చేర్చింది.

సాయంత్రానికి బామ్మర్ది వచ్చాడు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

“బడి పెద్దాయన ఫోన్ చేశాడు. ఏమిటిదంటాడు. నాకు నోట మాట రాలేదు. నన్ను పక్కన పెట్టి ఆ కోచ్‌తో మాట్లాడతావా బావా? నేను పరాయివాణ్ణా?”

“సోమవారం చెప్తానన్నావు. ఏ సోమవారమో చెప్పలేదు,” అన్నాడు పెయింటర్.

“నా పేరు ఏం కావాలి అక్కడ?”

“పగలగొట్టమన్నవి నేను చేసినవిరా. పోతే నా పేరు పోతుంది.”

భార్య వంటింట్లోంచి వచ్చింది. కూతుర్ని భుజం పట్టుకుని తమ్ముడి ముందు నిలబెట్టింది. “ఒరేయ్, దీని మొహం చూసి చెప్పు. హెల్మెట్లు బాగానే ఉన్నాయని చెప్పు. వింటాను.”

బామ్మర్ది చూశాడు. మచ్చ చూశాడు. కుర్చీలో కూర్చుని అప్పుడు చెప్పులు విప్పాడు.

“ఆ రోజు నా నెత్తి మీది నుంచి నేనే తీసేశాను కదే,” అన్నాడు.

“ఏంటి?” అంది భార్య.

“ఏం లేదు. మంచినీళ్ళివ్వు.” నీళ్ళు తాగి అక్కడే, అందరి ముందే బడి పెద్దాయనకి ఫోన్ చేశాడు. మాట తిప్పలేదు. మూడు వారాలుగా తనకి తెలుసని కూడా చెప్పాడు. అవతలి మనిషి చాలాసేపు మాట్లాడాడు. బామ్మర్ది ఊకొడుతూ విన్నాడు.

“బూట్లు ఉంచుకుంటారట,” అని చెప్పాడు ఫోన్ పెట్టాక. “ఇంకో పెట్టె పంపాలంటే ముందు వాళ్ళ మనిషి వచ్చి చూడాలట. ఇంకా చాలా అన్నాడులే. పడ్డాను.”

మంగళవారం నుంచి బామ్మర్ది మళ్ళీ క్లబ్బులు తిరగడం మొదలుపెట్టాడు. ఈసారి హెల్మెట్లు మాత్రమే. వచ్చినవాటిని పెయింటర్ భార్య బకెట్లో సబ్బునీళ్ళతో కడిగింది. స్టిక్కర్లు అలాగే ఉంచింది. పెయింటర్‌ని ఆ దరిదాపులకి రానివ్వలేదు. అతను దూరంగా స్టూలు మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూశాడు.

గురువారం కోచ్ నుంచి ఫోటో వచ్చింది. మైదానం పక్కన పిచ్ చదునుచేసే రోలరు ఉంది. దాని ముందు నేల మీద నీలం పెంకులు పరిచి ఉన్నాయి. కొన్ని అప్పటికే అణిగిపోయాయి. వెనక పిల్లలు నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు.

శనివారం మ్యాచ్ ఆడటం లేదని, వాయిదా వేశారని కోచ్ రాసింది.

పెయింటర్ ఫోటో పెద్దది చేయించుకుని బ్రష్షు వెనక మొనతో ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. బామ్మర్దిని పిలిచి లెక్కపెట్టించాడు.

“యాభై,” అన్నాడు బామ్మర్ది.

“నాకూ అంతే వచ్చింది. పంపింది యాభై ఒకటి.”

కూతురు కోచ్‌ని అడిగింది. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. పెట్టెలు విప్పిన రోజే ఒక పాప హెల్మెట్ ఇంటికి తీసుకెళ్ళిందట. అప్పట్నుంచి బడికి రావడం లేదట. ఇల్లు దూరం, రేపు వెళ్తాను అని చెప్పింది.

శుక్రవారం పెయింటర్ ఏ పనీ ఒప్పుకోలేదు. పొద్దున్నుంచి వరండాలో తిరిగాడు. బామ్మర్ది గోడౌన్ తలుపు వేసి వచ్చి అతనితో పాటు తిరిగాడు. భార్య ఇద్దరికీ టీ ఇచ్చింది. టీ చల్లారిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకి ఫోటో, దాని వెనకే కోచ్ మాట వచ్చాయి. ఫోటోలో మట్టిగోడ, గోడకి మేకు, మేకుకి నీలం హెల్మెట్.

కూతురు విని చెప్పింది. “పాపకి జ్వరమంట, అందుకే రాలేదంట. హెల్మెట్ ఇంకా పెట్టుకోలేదంట. ఎంత అడిగినా ఇవ్వనందంట. కోచ్ కత్తెర తీసుకుని పట్టీ రెండువైపులా కోసేసిందంట. గ్రిల్లు ఊడదీసి తెచ్చేసిందంట. పెంకు మాత్రం ఆ మేకుకే ఉందంట.”